ఉత్తుత్తి బేరం

సువా నగరంలో వాణిజ్య విధానాల శిక్షణ చివరి రోజున ఉత్తుత్తి చర్చ పెట్టారు. సమోవా నుంచి వచ్చిన లొసా పెద్ద దేశం తరఫున, టోంగా నుంచి వచ్చిన మెలెనైటే చిన్న దీవి తరఫున బేరమాడాలి.

భోజనాల దగ్గర లొసా మెల్లగా కదిపింది. "ఎంతవరకు దిగుతావే?"

"నీకు కాబట్టి చెబుతున్నానక్కా. టూనా చేపల మీద సుంకం తీసేస్తే చాలు, మిగతావన్నీ వదులుకుంటాం."

మధ్యాహ్నం లొసా అందరి ముందూ ఆ మాటే బయటపెట్టి, టూనా ఒక్కటి ఇచ్చి, మిగతావన్నీ రాబట్టుకుంది. గదంతా చప్పట్లు. మెలెనైటే తల ఎత్తలేదు.

సాయంత్రం బస్టాపులో లొసా ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయిందే. గెలవాలన్న యావలో అనేశాను. ఆటే కదా, మనసులో పెట్టుకోకు."

"ఆటకని వేరే కల్పించడం నాకు చేతకాలేదక్కా. వచ్చే నెల అసలు చర్చలకి మా టోంగా ప్రభుత్వం అనుకున్నదే నీకు చెప్పేశాను."

"పోనీలే, విన్నది మనవాళ్ళేగా!"

"ఆ చర్చల్లో మాకు ఎదురు కూర్చోబోయే అధికారి, క్లాసు చూడ్డానికని వచ్చి వెనక కుర్చీలో ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు."

లొసా అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"ఊరుకో అక్కా, నోరు జారింది నేనే కదా," అంటూ మెలెనైటే ఆమె కళ్ళు తుడిచింది.