బియ్యం డ్రమ్ములో తెలుగు పీరియడ్

బడి వంటగదిలో మాటలు వినిపించి అనసూయ టీచర్ బియ్యం డ్రమ్ము మూత తీసి తొంగిచూసింది: లోపల తొమ్మిదో తరగతి ఫోన్లన్నీ ఒకదానితో ఒకటి తెలుగులో మాట్లాడుకుంటున్నాయి.

"మీరు భోజనం చేశారా?" ఓ ఫోన్ అచ్చం పిల్లవాడి గొంతుతో అడిగింది.

"చేశాను, ధన్యవాదాలు," పక్క ఫోన్ బదులిచ్చింది. మాటకో గంట మోగి పాయింట్లు పడుతున్నాయి.

ఈ రోజుల్లో తెలుగు పీరియడంటే యాప్‌తో కబుర్లే. పాయింట్లే మార్కులు. ఈ మోసం బయటపడితే క్లాసు మొత్తానికీ ఏడాది పోతుంది. చేసినవాణ్ణి పట్టిస్తే వాడొక్కడికే టీసీ ఇచ్చి బడి నుంచి పంపేస్తారు.

ఆమె గ్రౌండులోకి పరిగెత్తింది. అక్కడ కబడ్డీ కోర్టులో పెద్ద రభస.

"లైను తొక్కినవ్ బే, బయటికి నడువ్!"

"నీ కండ్లు ఏడ వెట్టినవ్ రా?"

క్లాసులో నోరు మెదపని పిల్లలు ఇక్కడ గుక్క తిప్పుకోకుండా వాదించుకుంటున్నారు. ఆమె క్షణం ఆగిపోయింది. తర్వాత గొంతు పెంచింది.

"ఫోన్లకు మాటలు నేర్పిందెవరు? చెప్పకపోతే అందరి ఏడాదీ పోతుంది."

ఆట ఆగింది. మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ ఓదెలు ముందుకొచ్చాడు.

"నేనే, మేడం. మా అవ్వ మాట్లాడినట్టు మాట్లాడితే తప్పని పాయింట్లు కోసింది ఆ యాప్. దానికెట్ల గావాల్నో అట్ల మాట్లాడమని ఫోన్లకే చెప్పిన. మేం ఈడ మా తెలుగుల కొట్లాడుకుంటున్నం. టీసీ ఇస్తే ఇయ్యున్రి. సారీ మాత్రం చెప్ప."