అయిదింటి జవాబు

"ఆగవే, ఇంకో జానెడు వదిలి కత్తిరించు," అంది తల్లి, టేపు కొసని బొటనవేలి కింద తొక్కిపట్టి.

కూతురు నవ్వింది. తీగని ముందు పొడుగ్గానే కత్తిరించాలనీ, తర్వాత తగ్గించుకోవచ్చు కానీ పెంచుకోలేమనీ నిన్న చెప్పింది తనే. బట్టలు కుట్టే చేతికి ఆ పాఠం వెంటనే పట్టుబడింది. అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు పాత కరెంటు తీగ. రెండింటినీ కలిపే చోట ప్లాస్టిక్ డబ్బా మూత ముక్క. కొసలకి తల్లి కుట్టుపెట్టెలోంచి తీసిన పెద్ద కోటు బొత్తాలు, వాటికి నైలాను తాళ్ళు. డాబా మీద గెడ నిలబెట్టి, దాని తలకి ఆ మూత కట్టి, తీగల్ని రెండు వైపులా కిందికి లాగి కడితే అదే యాంటెన్నా. అంతకు మించి ఏమీ లేదంది కూతురు.

తల్లికి అంతకు మించి చాలా కనిపించింది. గెడ విరిగి పిల్ల నెత్తిన పడుతుంది. స్టూలు జారుతుంది. పిడుగు పడుతుంది. పిడుగు పడకపోతే పోలీసులొస్తారు. ఇంట్లోంచే దూరాలకి కబురంపే హ్యామ్ రేడియోకి పిల్ల తెచ్చుకున్న లైసెన్సు కళ్ళారా చూశాక కూడా దానికి నాలుగు జిరాక్సులు తీయించి నాలుగు చోట్ల దాచింది. ఆమె భయాలన్నీ అటక మీదికెక్కిస్తే ఇల్లు కూలుతుందనేవాడు బస్సు నడిపే మొగుడు, డ్యూటీకి పోతూ పోతూ.

అసలు భయం వేరు. పిల్లకి ఇరవై రెండేళ్ళు. నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుంటుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం వెతుక్కుంది. చుక్కలతో, గీతలతో మాట్లాడుకునే మనుషులున్నారని అక్కడి పుస్తకంలోనే చదివింది. మీట నొక్కితే చాలు, మాట సముద్రాలు దాటుతుంది. వేలికి నత్తి లేదు కదా. ఏడాది పాటు నేర్చుకుంది, పరీక్ష ప్యాసైంది, జీతం కూడబెట్టి సెట్టు తెచ్చుకుంది. తీరా పిలిస్తే ఎవరూ పలక్కపోతే?

ఎవరూ పలకలేదు. మూడు సాయంత్రాలు పిల్ల అయిదింటికల్లా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పిలిచింది, విన్నది, మళ్ళీ పిలిచింది. రోజూ డాబా ఎక్కి తీగని బెత్తెడు తగ్గించి వచ్చింది. మూడో రోజు భోజనం దగ్గర మెతుకు ముట్టలేదు.

"గా... గాలిలో కూడా నాతో ఎవరూ మాట్లాడరమ్మా."

తెల్లారగానే తల్లి రెండు వీధుల అవతల గడియారాల కొట్టు నడిపే అన్న దగ్గరికి పరుగెత్తింది. ఆయన వయసులో ఉన్నప్పుడు రేడియో పిచ్చోడు. సెట్టుని ట్రంకు పెట్టెలో పడేసి పాతికేళ్ళైనా లైసెన్సు మాత్రం వదల్లేదు. ఆ పిచ్చి మేనకోడలికి ఎక్కడ అంటుకుంటుందోనని పిల్ల చిన్నప్పుడే ఈవిడ ఆయన నోరు కట్టేసింది. కట్టినా అంటుకుంది.

"నువ్వు పలుకు అన్నయ్యా. పేరు మార్చుకో, ఊరు మార్చుకో."

"దొంగ స్నేహమా? మా రేడియో వాళ్ళలో అది తప్పు చెల్లాయ్."

"పిల్ల అన్నం మానేసింది."

ఆయన కంటికి బిగించిన భూతద్దం ఊడదీసి, చాలాసేపు తుడిచి, సాయంత్రం అయిదింటికి చూద్దాంలే అన్నాడు.

ఆ సాయంత్రం అయిదింటికి జవాబు వచ్చింది. తల్లి తలుపు సందులోంచి చూస్తూనే ఉంది. పిల్ల వీపు నిటారైంది, పెన్సిలు కాగితం మీద పరుగెత్తింది, చెవులు ఎర్రబడ్డాయి.

అప్పట్నుంచీ రోజూ అదే వేళకి. అవతల ఉన్నది ఆడమనిషట. నర్సుగా చేసి రిటైరైందట. అయిదు వందల కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఊరట, రెండు పిల్లులట. కూతురు చెబుతుంటే నవ్వాపుకోలేక తల్లి పెదవి కొరుక్కుంది. గడియారాలు తప్ప లోకం తెలియని అన్నయ్యకి ఇన్ని కట్టుకథలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? సిగ్నలు సన్నగా వస్తూ పోతూ ఉంటుందట. దూరమని నమ్మించడానికి ఎంత తెలివి! ఆవిడకి ఎడమ మోకాలు నొప్పట. అక్కడ మాత్రం దొరికిపోయాడు, ఆ మోకాలు అచ్చంగా అన్నయ్యదే.

అబద్ధమైతేనేం, పిల్ల తింటోంది. గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తోంది. లైబ్రరీలో ఎవరో పెద్దాయనకి పుస్తకం ఏ అరలో ఉందో నోటితోనే చెప్పిందట. గుట్టు బయటపడుతుందేమోనని తల్లి కొట్టు వైపు తొంగి కూడా చూడలేదు. పెళ్ళైన పాతికేళ్ళలో మొదటిసారి, రెండు వారాల పాటు కంటినిండా నిద్రపోయింది.

పదిహేనో రోజు కూతురు హెడ్‌ఫోన్లు తీసి వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఆవిడ శనివారం రైల్లో వస్తోంది. మనమే స్టేషనుకెళ్ళి తీసుకొద్దాం."

ఒక్క అక్షరం కూడా ఇరుక్కోలేదు. తల్లికి అప్పుడే స్టేషను కళ్ళ ముందుకొచ్చింది. రైలొస్తుంది, అందరూ దిగుతారు, ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది, పిల్ల అక్కడే నిలబడి ఉంటుంది. ఆ తర్వాత అది మళ్ళీ నోరు తెరుస్తుందా?

చేతి తడి ఆరకుండానే కొట్టుకి పరుగెత్తింది.

"ఇక చాలు అన్నయ్యా. ఆవిడకి జ్వరమొచ్చిందని చెప్పు, పిల్లుల్ని చూసేవాళ్ళు లేరని చెప్పు. ఏదో ఒకటి చెప్పి శనివారం ఆపు."

ఆయన చేతిలో గడియారాన్ని మెల్లగా పక్కన పెట్టాడు. చెల్లెలి మొహం చూడలేక గోడకేసి చూస్తూ, ఎక్కడ కంగారు పడిపోతావోనని నీ గుమ్మం తొక్కలేదని గొణిగాడు. స్టూలు జరిపి, ముందు కూర్చోమని మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు. పిల్లకి తెలిసిపోయిందా అని ఆమె అడిగింది. కాదన్నట్టు తలాడించాడు.

"ఆ రోజు స్విచ్చి వెయ్యగానే నా సెట్టు కాలిపోయింది చెల్లాయ్."