గడప కోసిన రోజు

పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, తాన్ ముసలమ్మ తన ఇంటి గడపను రంపంతో కోస్తోంది.

మా షాన్‌డాంగ్ పల్లెల్లో గడపలు మోకాలెత్తు ఉంటాయి. లేచిన శవానికి కాళ్ళు వంగవు. గెంతుతూ వస్తుంది. అంతెత్తు గడప దాటలేదు.

ముసలమ్మ మాత్రం శవాన్ని బయటికి పంపడానికి కోస్తోంది.

లోపల శవపేటికలో కొడుకు దెషున్ ఉన్నాడు. జర్మనులు మా పొలాల నీటికి అడ్డంగా రైలుకట్ట వేస్తుంటే, వాళ్ళు పాతిన గూటాలు పీకేశాడు. మొన్న పొద్దున వాణ్ణి కాల్చి చంపేశారు. తూర్పున, జొన్నచేల అవతల, వాళ్ళ డేరాలు ఇక్కడికే కనిపిస్తాయి.

ఆమె మెట్టిన చూ వంశానికి పెద్దాయన, ఆమెకు వరసకు బావగారు, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"మతిగాని పోయిందా నీకు?"

"శ్మశానంలో చోటివ్వనన్నారుగా బావగారూ. ఎటో అటు పంపాలి కదా."

"గంపలో దొరికినవాడికి చూ వాళ్ళ మట్టి ఎట్లా ఇస్తామే? వాడు మన నెత్తురా?"

నిజమే. కరువు ఏడు, దారి పక్కన గంపలో దొరికాడు. అప్పటికి ఆమె సొంత బిడ్డ పోయి వారం. పాలింకా ఇంకిపోలేదు.

"మీ గొప్ప నెత్తురోళ్ళు మొన్న తుపాకులు పేలినప్పుడు ఏ గడ్డివాములో దూరారో చెప్పండి ముందు."

మేమంతా తల దించుకున్నాం. ఆమె మాటలో అబద్ధం లేదు.

పెద్దాయన గొంతు తగ్గించాడు.

"పిల్లి దాటితే శవం లేస్తుంది, సరే. లేచినవాడు ముందు సొంతవాళ్ళ నెత్తురే తాగుతాడు. అది తాగాకే పరాయివాళ్ళ మీద పడే బలం వస్తుంది. తెలుసుగా?"

"తెలుసు. తల్లిని, నేనున్నాగా."

కోడలినీ, నెలల మనవడినీ పొద్దున్నే పుట్టింటికి పంపేసింది. పడమట, ఏటి అవతల. ఆ కట్ట వల్ల నీళ్ళు ఎగదన్ని అక్కడి ఇళ్ళన్నీ పోయాయి. అందరూ గడపల్లేని జమ్ము గుడిసెల్లో ఉంటున్నారు.

"మూడు రోజులైనా కాలేదు. నన్నిట్లా వెళ్ళగొడతారా అత్తయ్యా?" అని ఆ పిల్ల ఒకటే ఏడుపు.

"నీ ఏడుపుకి లోపల వాడికి నిద్ర పట్టట్లేదు, పో. పిల్లాణ్ణి చలిగాలికి తిప్పకు."

ఆ మాట అన్నది గానీ, బండి కనుమరుగయ్యేదాకా వాకిట్లోనే నిలబడింది.

పొద్దు గూకింది. మేం తలుపులు బిగించుకుని సందుల్లోంచి చూస్తున్నాం.

ముసలమ్మ నల్లపిల్లిని ఎత్తి పేటిక మీదుగా దాటించింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత చెక్క కిర్రుమంది.

దెషున్ చేతులు ముందుకు చాచి, కోసిన గడప మీదుగా వాకిట్లోకి గెంతాడు.

ఆమె మెడ దగ్గర గుండీలు విప్పుకుని ఎదురు నిలబడింది.

"రా నాయనా. ఆకలిగా ఉన్నావు. కడుపునిండా తాగి, అటు తూర్పుకు వెళ్ళు."

వాడు ఆమె మెడ వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

ముఖం తిప్పుకున్నాడు.

పడమటికి.

ఆమెకు అర్థమైంది. మాకూ అర్థమైంది.

"ఒరే, అటు కాదురా! నేనురా, మీ అమ్మని!"

కాళ్ళు పట్టుకుంది. ఈడ్చుకుపోయాడు. చూరులోని కొడవలి లాగి, ముంజెయ్యి కోసుకుని, వాడి నోటికి అదిమింది.

ఉమ్మేశాడు.

ఆమె పెట్టింది వాడు ఉమ్మడం ముప్పై ఏళ్ళలో అదే మొదలు.

"అమ్మని రా! నేను మీ అమ్మని!"

ఊరంతా విన్నాం. ఒక్కరమూ తలుపు తీయలేదు. సిగ్గుచేటే. అయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

వంతెన దాకా వాడి వెంట పరుగెత్తింది. గెంతు గెంతుకీ దూరం పెరిగింది. వంతెన మీద కూలబడిపోయింది.

అవతలి ఒడ్డున, కోడలి పుట్టింటి గుడిసెలో, అప్పుడే దీపం పెట్టారు.