అవునుగారు

పదిహేడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్నులో ఇంకు అయిపోయింది.

వీసా ఆఫీసు గోడని ఆనుకుని ఉన్న ఫారాల షాపు అది. లోపల రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను. బయట ఒక చెక్క బల్ల. ముందు కాగితం మీద నింపి ఇస్తే, ఫారాలాయన దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తాడు.

బల్ల మీద కూర్చున్న ముసలాయన అడక్కుండానే జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

"పదిహేడా?"

"మీకెలా తెలుసు?"

"అందరి చెయ్యీ అక్కడే ఆగుతుంది తల్లీ. 'అవును' పెట్టు."

ప్రశ్న ఇదీ: ఇంతకు ముందు ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా? పక్కన రెండు గడులు. అవును. లేదు.

నిరాకరించింది. తొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళికి ముందు, నర్సు ఉద్యోగానికని ఒక దేశానికి వెళ్ళబోతే, బ్యాంకు కాగితాలు చాలవని తిప్పి పంపారు. ఆ సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

ఇప్పుడు వెళ్ళాల్సింది వేరే దేశం. భర్తా, ఆరేళ్ళ కూతురూ అప్పటికే అక్కడున్నారు. బడి తెరిచే రోజులు కదా అని వాళ్ళు ముందు వెళ్ళారు. ఆసుపత్రికి పనిచేస్తానని రాసిచ్చిన బాండు ఇంకా మూడు నెలలు మిగిలి ఉందని ఈమె ఆగింది. ఆ మూడు నెలలూ మొన్నే అయిపోయాయి.

"అవునుగారూ, పొద్దున్నే నా గిరాకీలను బెదరగొట్టకండి," అని లోపల్నించి ఫారాలాయన కేకేశాడు. తర్వాత ఆమెతో, "ఆయనకి వచ్చిందే ఆ ఒక్క ముక్కమ్మా. అందుకే ఆ పేరు," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. జిరాక్సు తీస్తున్న ఫారాలాయన భార్య మాత్రం నవ్వలేదు.

"మరి ఏం పెట్టమంటారు అన్నయ్యా?"

"'లేదు' పెట్టేసెయ్. ఒక ఇంటివాళ్ళు సంబంధం వద్దన్నారని రెండో ఇంటికెళ్ళి చెప్పుకుంటామా? ఎవరికి తెలుస్తుంది?"

ముసలాయన గొంతు తగ్గించాడు.

"అప్పుడు వేలిముద్రలు ఇచ్చావా?"

"ఇచ్చాను."

"అయితే నీ వేళ్ళు వాళ్ళ దగ్గరున్నాయి. వీళ్ళు అడిగితే వాళ్ళు చూపిస్తారు. 'అవును' పెట్టి కింద రెండు లైన్లు కారణం రాయి. వద్దన్నంత మాత్రాన నువ్వు తప్పు చేసినట్టు కాదు తల్లీ."

ఆమె ఇద్దర్నీ చూసింది. ఫారాలాయనది ఇస్త్రీ చొక్కా. వెనకాల గోడనిండా వీసాలు వచ్చినవాళ్ళ ఫొటోలు. ముసలాయన చొక్కాకి ఒక్కో బొత్తాం ఒక్కో రంగు. మనం మనుషుల్ని ఎలా నమ్ముతామో ఆమె కూడా అలాగే నమ్మింది.

'లేదు' గడిలో టిక్కు పెట్టింది. ముసలాయన పెన్నుతోనే పెట్టింది.

"ఎక్కించేలోపు మార్చుకోవచ్చు," అన్నాడాయన.

"మీ పని మీరు చూసుకోండి బాబాయిగారూ," అందామె.

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, బల్ల మీద కాస్త పక్కకి జరిగాడు.

ఆ సాయంత్రం కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, నీ మంచం మీద దుప్పటి నేనే పరిచా. నువ్వొచ్చేదాకా ఎవర్నీ కూర్చోనివ్వను. నాన్నని కూడా."

ఐదు వారాలకి ఉత్తరం వచ్చింది. ఒక్క పేజీ. గతంలో జరిగిన నిరాకరణను దాచారు. ఐదేళ్ళపాటు మళ్ళీ దరఖాస్తు చేయరాదు.

రెండుసార్లు చదివింది. మడిచి, సర్దిపెట్టిన సూట్‌కేసు మీద పెట్టింది. తర్వాత గిన్నెలు తోమింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"ఏడాదికోసారి మేమే వస్తాంలే," అన్నాడు భర్త ఫోన్లో. తర్వాత, "నీ దుప్పటి మడతపెట్టెయ్యనా అని పాప అడుగుతోంది," అన్నాడు.



మర్నాడు వీసా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

"'అవును' అని పెట్టి ఉంటే?"

"కారణం చూసేవాళ్ళు మేడమ్. ఎప్పటివో బ్యాంకు కాగితాలేగా. మామూలుగా దానికి ఆపరు," అని లోపలి ఉద్యోగి తర్వాతి టోకెను పిలిచాడు.

కూతురికి ఇప్పుడు ఆరేళ్ళు. ఆరూ ఐదూ పదకొండు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె తలలో ఆ ఒక్క లెక్కే తిరిగింది. అది తప్ప ఇంకేమీ లేదు.

ఫారాల షాపు బయట బల్ల ఖాళీగా ఉంది. లోపల ఫారాలాయన భార్య ఒక్కతే కాగితాలకి పిన్నులు కొడుతోంది.

"అవునుగారు ఏరీ?"

"ఇక రారక్కా. మొన్ననే వాళ్ళమ్మాయి విమానం ఎక్కింది. ఐదేళ్ళూ నిండాయి. ఆ పిల్ల వెళ్ళేదాకా బల్ల వదలనన్నారు. అన్నట్టే వదల్లేదు."

ఐదేళ్ళేమిటని అడగాల్సిన పని లేకపోయింది. ఉత్తరం ఆమె చేతిలోనే ఉంది.

"ఆ అమ్మాయీ 'లేదు' పెట్టిందా?"

"తను పెట్టలేదు. వాళ్ళ నాన్నే పెట్టారు. అప్పుడు ఈ షాపు ఆయనదే, మా ఆయన ఇందులో పనికి ఉండేవాడు. ఆ గోడ మీద ఫొటోల్లో సగం ఆయన పంపినవాళ్ళవే. కూతురికి ఇలాంటి ఉత్తరం వచ్చిన వారంలోనే షాపు మా చేతుల్లో పెట్టేసి, వెళ్ళి ఆ బల్ల మీద కూర్చున్నారు."

ఆమె ఖాళీ బల్ల వైపు చూసింది.

"మరి మీ ఆయనకి తెలిసి కూడా..."

"ఎన్నిసార్లు చెప్పినా వినడక్కా, మొదట నేర్చుకున్న పాఠమే వల్లిస్తాడు," అని ఆవిడ ఇంకో పిన్ను కొట్టింది. "ఒక ఇంటివాళ్ళు వద్దన్నారని రెండో ఇంటికెళ్ళి చెప్పుకుంటామా అని మా ఆయనకి నేర్పింది ఆయనే."