ఊరేగింపులో చివరి బండి

బరాబూ ఊళ్లో బొమ్మల ప్రదర్శనలో వెర్లిన్ అందరి ముందే భార్య ఆర్లిస్‌మీద విరుచుకుపడ్డాడు. బొమ్మ రైలుపట్టాల పక్కన అతను సేకరించిన చిన్న సర్కస్ బండ్ల ఊరేగింపు ఉంది. అందులో ఈలలతో పాట పలికే కలియోపీ బండిని ఆర్లిస్ అన్నిటికంటే ముందు పెట్టింది.

"ఇన్నేళ్లు కాపరం చేసి ఇదా నేర్చుకున్నావు? కలియోపీ చివర రావాలి. సర్కస్‌లో కోతినడిగినా చెబుతుంది."

చూడవచ్చినవాళ్లు నవ్వారు.

"నా కుర్చీకి దగ్గరని పెట్టాను. మోకాళ్లు లాగేస్తున్నాయి."

"పాడేది బండి. నీ మోకాళ్లతో దానికేం పని?"

ఆర్లిస్ బండిని బల్ల చివరికి మార్చి, కుంటుకుంటూ వెళ్లి దాని పక్కనే నిలబడింది.

వెర్లిన్ మీట నొక్కాడు. "వినండి. నా సేకరణంతటికీ ముద్దుబిడ్డ ఇదే."

ఆ సన్నని ఈలలు అతని చెవులకు అందడం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంటాడు. జనం ముఖాలు చూసి మురిసిపోతాడు. ఇవాళా అందరూ బండివైపు వంగారు.

ఇంతలో ఆర్లిస్ మోకాలు పట్టుతప్పి తూలింది. ఏప్రన్ జేబులోంచి ఫోను జారి దూరంగా పడింది.

తలలన్నీ బండిని వదిలి ఫోనువైపు తిరిగాయి.

వెర్లిన్ వంగి దాన్ని తీశాడు. అరచేతిలో అది పాటకి అదురుతోంది.

"బండి మూగబోయి ఎన్నాళ్లయింది?"

"పోయిన వేసవిలోనే."

అతను తలెత్తకుండా కలియోపీని తెచ్చి, ఊరేగింపుకి ముందు, ఆమె కుర్చీ పక్కన పెట్టాడు.