సీటు పట్టుకున్న చెయ్యి

"సీటు వదలకు అక్కా, ప్లీజ్," అంది మేధ ఎలక్ట్రిక్ సైకిల్ మీద బిక్కచచ్చి కూర్చుని. ఆదివారం కదా, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో వాళ్ల ఆఫీసు పార్కింగ్ లాట్ ఖాళీగా ఉంది.

"వదలను. తొక్కు," అంది హైమ.

స్వీడన్, నార్వేల్లో తమ కంపెనీ చేసే ఇంత ఖరీదైన సైకిళ్లు ఎవరు కొంటారో రెండేళ్లు తల బద్దలుకొట్టుకుని తేల్చింది హైమ. ఆ మార్కెట్‌కి హెడ్‌గా మాత్రం ఆమెకంటే ఆరేళ్లు చిన్నదైన మేధను వేశారు. ఆ మేధకు సైకిలే రాదు.

"వచ్చే మండే స్టాక్‌హోమ్‌లో డీలర్లందరి ముందూ రైడ్ చేయాలి. పడ్డానంటే నన్ను పీకేసి నిన్ను పంపిస్తారు," అని నవ్వబోయింది మేధ.

హైమ సీటు పట్టుకుని సైకిల్‌ని ముందుకు తోసింది. మోటారు అందుకుంది. వెనకే పరిగెడుతున్న హైమ, పడితే పడనీ అనుకుని చెయ్యి తీసేసింది.

సైకిల్ వంకర్లు తిరిగింది కానీ పడలేదు. లాట్ చివరిదాకా వెళ్లి, చుట్టు తిరిగొచ్చి, ఆమె ముందే ఆగింది.

మేధ కళ్లలో నీళ్లు. "చిన్నప్పుడు మా నాన్న సీటు వదలనే లేదక్కా, అందుకే నాకు రాలేదు. ఎప్పుడు వదలాలో నీకు తెలుసు."

హైమ ఆ చేతిని జాకెట్ జేబులో దాచుకుంది.