గడియ తీసేది

ఆనకట్ట గేట్ల గదికి రాత్రి కాపలా నాది. ఆపేసిన కంప్యూటర్‌లో రోజూ రాత్రి రెండింటికి ఫ్యాను తిరుగుతోందంటే పెద్దసారు నవ్వాడు. "కునుకులో కలగన్నావులే. దాన్ని ముట్టుకున్నావో, ఉద్యోగం ఊడుతుంది."

కంప్యూటర్లు చూసే అమ్మాయి నవ్వలేదు. "అందులో ఏదో ప్రోగ్రాం దూరింది. అది దొంగ కాదు తాతా. దొంగలకి లోపల్నుంచి గడియ తీసేది. పరాయి సర్కారు పంపిందేమో," అంది. ఆ రాత్రి నాతోనే ఉండిపోయింది.

ఆ కంప్యూటర్లు చెబితేనే గేట్లు లేస్తాయి. లేస్తే ముందు మునిగేది దిగువనున్న మా కూతురి ఇల్లు.

రెండయింది. ఫ్యాను తిరిగింది. గోడలోంచి వైరు పీకేశాను. చీమ నడిచినా వినబడేంత నిశ్శబ్దం. అంతలో బల్ల మీది ఫోను మోగింది. ఎత్తాను.

"ఆ వైరు మళ్ళీ పెట్టు తాతా."

అమ్మాయి గొంతే. అమ్మాయేమో నా పక్కనే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరివైతే నాకేం? పగలు రా. బయటి గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి మరీ రా," అని ఫోను పెట్టేశాను.

వెనక రెండో కంప్యూటర్ ఫ్యాను తిరగడం మొదలైంది. ఆ తర్వాత మూడోది.

"నీ ఉద్యోగం పోతుంది తాతా," అంది పక్కనున్న అమ్మాయి.

"పోతే పోనీ. నువ్వు ఆ చివర నుంచి వైర్లు పీకుతూ రా."